నీటికి వంతెన వేసిన దొర

మనుష్యులు నదులు దాటడానికి వంతెనలు వేసినవారు లోకంలో అనేకులు. నీరే నదిని దాటడానికి వంతెన వేయించి, కోనసీమ లంకలను సస్యశ్యామలం గావించిన ధన్యజీవి సర్ ఆర్థర్ కాటన్.

1803 మే 15న జన్మించిన కాటన్, 1821లో మద్రాసు ఇంజనీర్ల దళంలో పనిచేయడానికి మన దేశానికి వచ్చాడు. కావేరిపై పూర్వం చోళులు నిర్మించిన కల్లణను పరిశీలించి, ఇసుక నేలపై సైతం కట్టడం నిలుస్తుందని గ్రహించాడు. 1836లో కొల్లడంపై ఆనకట్టలు కట్టి ఆ విద్యను సార్థకం చేసుకున్నాడు.

ఆనాడు గోదావరి మండలం దుర్భరస్థితిలో ఉండేది. నందననామ సంవత్సరపు కరవు, 1839 నాటి కోరంగి తుపాను ప్రజలను కుంగదీశాయి. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమహేంద్రవర మండల జనసంఖ్య, 1841 నాటికి అయిదు లక్షల అరవై వేలకు దిగజారింది. నిండుగోదావరి మాత్రం ఏటేటా సముద్రం పాలవుతూనే ఉంది. ఆ నీటిని నిలపడానికి కాటన్ 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని ఆరంభించాడు. వీణెం వీరన్న ఆయనకు కుడిభుజమై నిలిచాడు. నడుమ జబ్బుపడి కాటన్ ఆస్ట్రేలియాకు వెళ్ళవలసివచ్చినా పని ఆగలేదు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

అయినా రాజోలు వైపు నగరం లంకకు ఆ నీరు అందే మార్గం లేదు. నడుమ వైనతేయ గోదావరి అడ్డు. కాలువను నదిలో కలిపితే నీటిమట్టం పడిపోయి ఆవలి పొలాలకు ఎక్కదు. అందువల్ల గన్నవరం వద్ద నదికి ఎత్తుగా, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున 49 కమానులు కట్టి, వాటిపై కాలువను నడిపించారు. వరద తగ్గిన నాటినుండి మరల వరద వచ్చేలోగా ముగియవలసిన పని అది. కాటన్ నమ్మిన యువ అధికారి హేగ్ దానిని ఒక్క పనికాలంలోనే నెరవేర్చాడు. క్రింద గోదావరి కడలికి, పైన కాలువ పొలాలకు సాగిపోయాయి.

1861లో కాటన్‌కు సర్ బిరుదు లభించింది. రైళ్ళకన్న కాలువలే ఈ దేశానికి మేలని వాదించినందుకు 1878లో పార్లమెంటు సంఘం ఎదుట కఠిన విచారణకు నిలవవలసి వచ్చింది. తన మాటను మాత్రం ఆయన విడువలేదు. 1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి బ్యారేజి వెలసింది. గన్నవరంలో 2000 సంవత్సరంలో ప్రారంభమైన కొత్త అక్విడెక్టుకు, ఆ ఊరి అన్నపూర్ణ డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. నీరిచ్చిన దొర కట్టడం చెంతనే అన్నమిచ్చిన తల్లి పేరు వెలయడం ఎంతో సముచితం.