సర్ ఆర్థర్ కాటన్ దొర

మన నల్లగొండ, మహబూబునగరు సీమలను దాటి పోవు కృష్ణానదికి బెజవాడయొద్ద 1855లో తొలి ఆనకట్టను ముగించినవాడు కెప్టెన్ ఓర్. ఆయనకు పని నేర్పిన పెద్ద సర్ ఆర్థర్ కాటన్ దొర.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున ఇంజనీరుగా చెన్నపట్టణము చేరి, 1836లో కొల్లడము నదిపై ఆనకట్టలు కట్టించి పేరొందెను. 1847లో ధవళేశ్వరమున గోదావరి ఆనకట్ట నారంభించెను. మరుసటి యేడే వ్యాధిగ్రస్తుడై ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. అయినను పని నిలువలేదు. ఏలయన, ఆయన తన విద్యను దాచుకొనక క్రిందివారికి నేర్పి, బాధ్యత నప్పగించి, వారిని నమ్మెను. ఓర్ అధికారము వహించెను; వీణెం వీరన్న కూలివారిని సమకూర్చి నడిపించెను. కాటన్ 1850లో తిరిగి వచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. వీరన్నకు రాయబహద్దరు బిరుదము లభించెను. భక్తిపరుడైన కాటన్ 1899వ సంవత్సరము జూలై 24వ తేదీన పరమపదించెను.

మోషే యెహోషువను సిద్ధపఱచినట్లు, తన వెనుకటివారిని సిద్ధపఱచువాడే నాయకుడు. విద్యార్థులారా, మీలో కొందఱు రేపు కంప్యూటరు ఇంజనీర్ల జట్టులకు పెద్దలగుదురు. మీరు లేనినాడును పని సాగునట్లు తోడివారికి నేర్పుడు.