ఫాస్ఫరస్ అంకె వెనక మనిషి

మా తాతయ్యకి డయాలసిస్. రాజమండ్రి ల్యాబ్ రిపోర్ట్ రాగానే ముందు ఫాస్ఫరస్ ఎంతుందో చూస్తాను. దాన్ని కొలవడం నేర్పినవాళ్లలో మన భీమవరంలో పుట్టినాయన ఒకరని మొన్నే తెలిసింది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్న చనిపోయారు. అదే జబ్బు ఆయనకీ వచ్చి తగ్గింది.

1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆ పరీక్ష కనిపెట్టారు. రక్తం నమూనాలో మాలిబ్డేట్, ఇంకో రసాయనం కలిపితే నీలం రంగొస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ పద్ధతి దశాబ్దాలపాటు ల్యాబుల్లో నడిచింది.

తర్వాత లెడర్లీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. అది స్ప్రూకి మందైంది, అన్న పోయిన పాతికేళ్లకి. 1948లో సుబ్బారావు గారూ వెళ్లిపోయారు.

తాతయ్యకి ఇదంతా చెప్పాను. మన భీమవరమేనా అని అడిగి, రిపోర్ట్ మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.