అల్ట్రాసోనిక్ పరీక్షకు మూలపురుషుడు పాల్ లాంజివిన్

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరగానే, ఇన్నేళ్లు నాకు అన్నం పెట్టిన అల్ట్రాసోనిక్ పరీక్షే గుర్తుకొచ్చింది. ఆ విద్యకు పునాది వేసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ లాంజివిన్ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆయన 1872 జనవరి 23న పారిస్‌లో జన్మించారు. అక్కడ ఆయనకు చదువు చెప్పిన గురువు పియరీ క్యూరీ. క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని ఆ గురువు, ఆయన అన్న జాక్ 1880లోనే కనుగొన్నారు. శిష్యుడు దాన్ని పనిలో పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచుతుంటే, రెండు ఉక్కు పలకల మధ్య క్వార్ట్జ్ ముక్కలు అమర్చి, చెవికి వినబడని ధ్వనిని నీటిలోకి పంపారు. 1918లో జలాంతర్గామికి తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని పట్టుకున్నారు. దరిమిలా లోహాలలో లోపాలు వెదకడానికి ఇదే మార్గమయింది.

సంతలో కుండ కొనేటప్పుడు మన ఆడవారు వేలితో కొట్టి చూస్తారు కదా, మా పని కూడా అటువంటిదే. కార్బన్ ఫైబర్, రెసిన్ కలిపి పొరలు పొరలుగా చేసిన కాంపోజిట్ భాగం మీద పనిముట్టు జారిపడితే పైన గీత కూడా కనబడకపోవచ్చు, లోపల మాత్రం పొరలు విడిపోతాయి. భాగానికి జెల్ రాసి ప్రోబ్ పెడతాం. సెకనుకు పది లక్షలు మొదలు యాభై లక్షల దాకా కంపనాలుండే ధ్వని లోపలికి వెళుతుంది. పొర విడిన చోట సందు ఉంటుంది గనుక, ధ్వని అడుగు దాకా పోకుండా ముందే వెనక్కి వస్తుంది. స్క్రీన్ మీద ఆ ఎకో చూసి లోతు చెబుతాం. లోహంలో కన్న ఇందులో ధ్వని త్వరగా నీరసిస్తుంది గనుక ఓపిక ఎక్కువ కావాలి. ఆ భాగం విమానానిదైతే మన సంతకం మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

లాంజివిన్ మాత్రం ప్రయోగశాలకే పరిమితం కాలేదు. 1934లో ఫాసిజాన్ని ఎదిరించే మేధావుల సంఘంలో చేరారు. 1940 అక్టోబరు 30న జర్మన్లు ఆయనను అరెస్టు చేశారు. అప్పటికి ఆయన వయస్సు 68, మనలో చాలామంది వయస్సే. నవంబరు 8న విద్యార్థులు నిరసన తెలిపారు. ఆయన ఉద్యోగం పోయింది. జైలు తరువాత ట్రాయ్ పట్టణంలో నిర్బంధంలో ఉంచారు. 1942లో అల్లుడు జాక్ సాలమన్‌ను కాల్చి చంపారు. కుమార్తె ఎలెన్‌ను ఆష్విట్జ్‌కు పంపగా, ఆమె ప్రాణాలతో తిరిగి వచ్చింది. 1944లో ఆయన స్విట్జర్లాండ్‌కు తప్పించుకున్నారు. స్వదేశానికి తిరిగి వచ్చాక, విశ్రాంతి కోరకుండా, విద్యా సంస్కరణల సంఘానికి అధ్యక్షత వహించారు. 1946 డిసెంబరు 19న కన్నుమూశారు. 1948లో ఆయన అస్థికలను పాంథియన్‌లో ఉంచి దేశం గౌరవించింది.

లోపం పైకి కనబడలేదు గదా అని సంతకం పెట్టకూడదని మా విద్య నేర్పుతుంది. సమాజం విషయంలోనూ ఆయన అదే పాటించారు, దానికి తగిన మూల్యమూ చెల్లించారు. ఉద్యోగం ముగిసినా బాధ్యత ముగియదని ఆ జీవితం నాకు చెబుతుంది. మన పిల్లలకు, మనుమలకు ఈ పేరు పరిచయం చేయవలసిందిగా నా మనవి.