సుందరం కరివర్ధన్

సుందరం కరివర్ధన్ (1954 - 1995) ప్రముఖ భారతీయ మోటారు రేసింగ్ క్రీడాకారుడు, రేసు కార్ల రూపకర్త. కోయంబత్తూరుకు చెందిన ఇతడిని అభిమానులు కరి అని పిలిచేవారు. పారిశ్రామిక కుటుంబంలో పుట్టిన ఇతడు మోటారు పందేలను జీవనోపాధిగా కాక అభిరుచిగా చేపట్టాడు. చోదకుడిగా పేరు పొందినప్పటికీ, మారుతి ఇంజనుతో తక్కువ ఖర్చులో ఫార్ములా మారుతి అనే రేసు కారును రూపొందించి, సంపన్నుల క్రీడగా ఉన్న రేసింగును మరికొందరికి అందుబాటులోకి తెచ్చినవాడిగా ఇతడు ఎక్కువగా గుర్తుండిపోయాడు.

కుటుంబ నేపథ్యం

విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగు ప్రాంతాల నుండి దక్షిణానికి తరలివెళ్ళిన నాయుడు కుటుంబాలు కోయంబత్తూరు పరిసరాలలో స్థిరపడ్డాయి. తరాలు గడిచినా వీరిలో చాలామంది ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు. పత్తి సేద్యం, పత్తి వ్యాపారం ద్వారా ఎదిగిన ఈ కుటుంబాలు క్రమంగా నూలు మిల్లుల స్థాపనకు పూనుకున్నాయి. 1910లో జి.కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్లు వాటిలో ముఖ్యమైనది. కరివర్ధన్ ఈ కుటుంబానికి చెందిన జి.కె.సుందరం కుమారుడు.

1930వ దశకంలో పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి వచ్చిన తరువాత కోయంబత్తూరులో మిల్లుల సంఖ్య బాగా పెరిగింది. మిల్లు యంత్రాలకు, వ్యవసాయ పంపులకు అవసరమైన విడిభాగాలు చేసే వర్క్‌షాపులు, ఫౌండ్రీలు వెలిశాయి. 1920లో ఒకే ఒక బస్సుతో రవాణా వ్యాపారం ఆరంభించి, తరువాత అనేక యంత్రపరికరాలను రూపొందించిన జి.డి.నాయుడు కూడా ఈ ఊరివాడే. రేసు కారు చట్రాన్ని స్థానికంగానే తయారు చేయగలమన్న ధైర్యం కరివర్ధన్‌కు కలగడానికి ఇటువంటి వాతావరణం తోడ్పడింది.

నాటి మోటారు పందేలు

దక్షిణ భారతదేశంలో ఆనాటి ప్రధాన పందేలు మద్రాసుకు ఉత్తరాన ఉన్న షోలవరంలో జరిగేవి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంనాటి విమానాల రన్‌వేనే అక్కడ రేసు బాటగా వాడుకునేవారు. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఈ పందేలను నిర్వహించేది. శ్రీలంక నుండి కూడా చోదకులు వచ్చి పాల్గొనేవారు.

ఆ రోజులలో దేశంలో తయారయ్యే కార్లు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కొన్ని మాత్రమే. విదేశీ కారును దిగుమతి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి, భారీ సుంకం తప్పవు. అందుచేత పోటీదారులు ఉన్న కార్లనే విప్పి, బరువు తగ్గించి, ఇంజనులను మెరుగుపరచి పందేలకు సిద్ధం చేసేవారు. ఖర్చు పోటీదారులు సొంతంగా భరించేవారు. విజయ్ మాల్యా వంటి కొద్దిమంది మాత్రం విదేశాల నుండి ఫార్ములా వన్ కారును తెప్పించి షోలవరంలో నడపగలిగారు. ఇటువంటి పరిస్థితిలో గెలుపు చోదకుడి నైపుణ్యం కంటే అతని స్తోమత మీద ఎక్కువగా ఆధారపడేది.

కరివర్ధన్ ఈ పందేలలో ముందువరుస చోదకుడిగా గుర్తింపు పొందాడు. కోయంబత్తూరులో సూపర్ స్పీడ్స్ అనే రేసింగ్ సంస్థను నెలకొల్పి, కార్ల తయారీ, చోదకుల తర్ఫీదు రెండింటినీ చేపట్టాడు.

ఫార్ములా మారుతి

1983 డిసెంబరులో మారుతి 800 కారు విడుదలైంది. దీని 796 ఘనపు సెంటీమీటర్ల, మూడు సిలిండర్ల ఇంజను తేలికైనది, నమ్మకమైనది. విడిభాగాలు ప్రతి పట్టణంలోనూ దొరికేవి. కరివర్ధన్ ఈ ఇంజనును ఉపయోగించి, చక్రాలు బయటకు కనిపించే ఒంటి సీటు రేసు కారును 1980వ దశకం చివరి సంవత్సరాలలో రూపొందించాడు. ఉక్కు గొట్టాలతో అల్లిన చట్రంలో చోదకుడి వెనుక ఇంజనును అమర్చారు. ఈ కారు ఫార్ములా మారుతిగా ప్రసిద్ధి చెందింది.

అంతర్జాతీయ రేసు కార్లతో పోలిస్తే దీని వేగం చాలా తక్కువ. అయితే పోటీలో అందరూ ఒకే రకం కారు నడపడం వలన గెలుపోటములను చోదకుడి నైపుణ్యమే ఎక్కువగా నిర్ణయించేది. ఒంటి సీటు కారును నడిపే పద్ధతి, మలుపులలో అది ప్రవర్తించే తీరు యువకులు స్వదేశంలోనే నేర్చుకొనే వీలు కలిగింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వత రేసు బాట ప్రారంభం కావడంతో ఈ పోటీలకు తగిన వేదిక కూడా లభించింది.

కరివర్ధన్‌కు బంధువు, కోయంబత్తూరువాసి అయిన నరేన్ కార్తికేయన్ ఫార్ములా మారుతి పోటీలతోనే రేసింగులో అడుగుపెట్టాడు. ఇతడు 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో పాల్గొని, ఆ స్థాయికి చేరిన మొదటి భారతీయుడయ్యాడు. 2010లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన రెండవ భారతీయుడు కరుణ్ చందోక్ తొలి పందేలు కూడా ఫార్ములా మారుతిలోనే సాగాయి.

మరణం

1995లో జరిగిన ఒక విమాన ప్రమాదంలో కరివర్ధన్ మరణించాడు. తాను రూపొందించిన కారుతో మొదలుపెట్టిన చోదకులు ఫార్ములా వన్ స్థాయికి చేరడాన్ని ఇతడు చూడలేకపోయాడు.

స్మారకం

2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ప్రారంభమైన సుమారు 2.1 కిలోమీటర్ల రేసు బాటకు కరివర్ధన్ జ్ఞాపకార్థం కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. జాతీయ స్థాయి కార్ల పందేలు ఇక్కడ జరుగుతూ వచ్చాయి. తరువాతి కాలంలో ప్రారంభమైన ఎల్‌జీబీ ఫార్ములా 4 పోటీలలో కూడా మారుతి ఇంజనులతో నడిచే ఒంటి సీటు కార్లనే ఉపయోగించారు. దేశంలో విరివిగా దొరికే ఇంజనుతో చవకైన రేసు కారు తయారు చేయాలన్న కరివర్ధన్ పద్ధతి ఈ విధంగా ఇతని మరణానంతరం కూడా కొనసాగింది.