గ్రంథోద్ధారకుడు బ్రౌన్ దొర

అనకాపల్లి జిల్లాలో సముద్రపుటొడ్డున నున్న రాజయ్యపేటలోని బాలుడైనను, ఎక్కడో దూరమున కడపలోని బాలికయైనను, తెలుగు చదువుటకు ఆరంభించిన కొలది కాలమునకే ఒక వేమన పద్యమును కంఠస్థము చేయును. ఆ పద్యము పుస్తకములో అచ్చుపడి యుండుట మనకు వింతగా తోచదు. పుస్తకము దుకాణమున దొరకును, పాఠశాలలో నుండును, చినిగినచో మఱియొకటి కొనవచ్చును. కాని రెండు వందల యేండ్లకు పూర్వము స్థితి ఇట్లు లేదు. నాడు తెలుగు గ్రంథములలో అధికభాగము అచ్చు మొగమెఱుగక, తాటాకుల మీదనే యుండెను. వానిని వెదకి, కొని, వ్రాయించి, సరిచూపించి, మనకు మిగిల్చిన వారిలో అగ్రగణ్యుడు ఒక ఆంగ్లేయుడు. ఆయనయే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

తాటాకు గ్రంథము వ్రాయుట శ్రమతో గూడిన పని. ఆకులను ఆరబెట్టి, ఒక కొలతకు కోసి, గంటముతో అక్షరములను గీచి, మసి పూసి తుడిచెడివారు. అప్పుడు గీతలలో నలుపు నిలిచి అక్షరములు కనబడును. ఆకులకు రంధ్రములు చేసి, త్రాడు గ్రుచ్చి, పైనను క్రిందను చెక్కపలకలుంచి కట్టెడివారు. ఇంత శ్రమపడి వ్రాసినను ఆ గ్రంథమునకు ఆయుర్దాయము తక్కువ. చెదలు పట్టును, పురుగు తొలుచును, అటకమీద వానచినుకు పడినచో ఆకులు కుళ్ళును. శిథిలమైన ప్రతిని చూచి క్రొత్త ప్రతి వ్రాయువాడు లేనిచో ఆ కావ్యము కవిపేరుతో సహా లోకమునుండి మాయమగును. వ్రాయువాడు ఉన్నను, ఒక అక్షరమునకు మఱియొక అక్షరము వ్రాసి, ఒక పద్యమును విడిచి, తప్పులను పెంచుచుండెను.

బ్రౌన్ 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, పెక్కు భాషలయందు ఆసక్తి గలవాడు. తన బిడ్డలకు చిన్ననాటనే హిందూదేశపు భాషలను, ప్రాచీన భాషలను నేర్పించెను. 1812లో తండ్రి గతించుటచే కుటుంబము ఇంగ్లండునకు వెళ్ళెను. చార్లెస్ అక్కడ హెయిలీబరీ కళాశాలలో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువునకు ఎంపికయై, 1817 ఆగస్టులో మద్రాసు చేరెను. అప్పటికాయనకు పందొమ్మిదేండ్లైనను నిండలేదు. తెలుగులో ఒక్క ముక్క రాదు.

మద్రాసులో క్రొత్తగా వచ్చిన దొరలకు దేశభాషలు నేర్పుటకు ఒక కళాశాల యుండెను. అందు వెలగపూడి కోదండరామ పంతులు బ్రౌనునకు తెలుగు నేర్పెను. నాటి గవర్నరు సర్ థామస్ మన్రో, ప్రజల భాష రాని అధికారి ప్రజలకు మేలు చేయజాలడని నమ్మినవాడు. ఆ నమ్మకము బ్రౌను మనస్సులో నాటుకొనెను. 1820లో పరీక్షయందు నెగ్గి, కడపలో కలెక్టరునకు సహాయకుడుగా నియమింపబడెను. కచేరీకి వచ్చిన రైతులతో మాటాడుచు, వారి అర్జీలు చదువుచు, ఆయన తెలుగును పలుకుబడితో సహా నేర్చుకొనెను. 1821లో అచ్చట పేదబాలురకు ఉచిత పాఠశాలలను గూడ తన ఖర్చుతో పెట్టించెను.

1822లో ఆయనకు మచిలీపట్టణమునకు బదిలీ యయ్యెను. అచ్చట నున్నప్పుడు, 1824లో, ఫ్రెంచి మతగురువు దుబాయి హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథమును బ్రౌన్ చదివెను. అందు వేమనను గూర్చిన ప్రస్తావన ఆయనను ఆకర్షించెను. వెంటనే వేమన పద్యముల కొఱకు విచారించెను. పండితులలో పలువురు వేమనను కవిగా గణింపలేదు. అలతి మాటలలో, ఆటవెలదులలో, ఊరివారికి తెలియునట్లు చెప్పిన కవిత్వమునకు విద్వత్సభలలో గౌరవము లేకుండెను. అయినను పద్యములు మాత్రము జనుల నాలుకలమీదను, అచ్చటచ్చట తాటాకుల మీదను జీవించియుండెను. బ్రౌన్ పలుచోట్లనుండి ప్రతులను తెప్పించెను. వానిని చూడగా ఏ రెండును ఒకదానితో నొకటి సరిపోలేదు! ఒక ప్రతిలో నున్న పద్యము మఱియొకదానిలో లేదు. ఉన్నను పాఠము వేఱు.

ఈ చిక్కునుండియే ఆయన పనికి ఒక పద్ధతి యేర్పడెను. ఒక గ్రంథమునకు సాధ్యమైనన్ని ప్రతులు సేకరించుట మొదటి పని. లేఖకులచే వానిని కాగితముపై వ్రాయించుట రెండవది. పిమ్మట పండితులు కూర్చుండి ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి చదివి, భేదములను గుర్తించి, సరియైన పాఠమును నిర్ణయింపవలెను. కష్టమైన పదములకు అర్థములు, కావ్యమునకు వ్యాఖ్యానము వ్రాయవలెను. ఇట్లు సిద్ధమైన శుద్ధప్రతిని అచ్చునకు తగినట్లు భద్రపఱచవలెను. ఈ పద్ధతిచేత 1829లో 693 వేమన పద్యములు ఆంగ్లానువాదముతో మద్రాసులో అచ్చుపడెను. అంతకు రెండేండ్లకు ముందు, 1827లో, తెలుగు ఛందస్సును గూర్చి ఆయన రచించిన గ్రంథము వెలువడెను.

మచిలీపట్టణమునుండి రాజమహేంద్రవరమునకును, అటనుండి 1826లో మరల కడపకును ఆయన చేరెను. కడపలో విశాలమైన తోటతో గూడిన ఒక బంగళాను కొని, అందు పండితులకు, లేఖకులకు వసతి కల్పించెను. ఉదయమునుండి సాయంకాలము వఱకు అచ్చట గంటముల చప్పుడు, కలముల చప్పుడు, పద్యపఠనము వినవచ్చుచుండెను. జనులు దానిని బ్రౌన్ కాలేజి అని పిలిచిరి. అది ప్రభుత్వము పెట్టిన సంస్థ కాదు. పండితుల జీతములు, లేఖకుల కూలి, కాగితము, సిరా, ప్రతుల వెల అన్నియు బ్రౌన్ తన జీతమునుండియే చెల్లించెను. జీతము చాలనప్పుడు అప్పు చేసెను. ఏనుగులను, గుఱ్ఱములను కొనుటకు అప్పు చేసిన దొరలు ఆ కాలమున పలువురుండిరి. తాటాకుల కొఱకు అప్పుపాలైన దొర మాత్రము ఈయనయే కావచ్చును.

ఆయన జీవితము కష్టములు లేనిది కాదు. 1832-33లో గుంటూరు మండలమున ఘోరమైన క్షామము వచ్చెను. మన పెద్దలు దానిని డొక్కల కఱవని చెప్పుకొనెడివారు. బ్రౌన్ ఆ కఱవులో జనులను ఆదుకొనుటకు పాటుపడెను. 1834లో ఆయన ఉద్యోగమునుండి తొలగింపబడెను. అప్పులు తలమీద నుండగా మఱుసటి యేట ఇంగ్లండునకు వెళ్ళవలసి వచ్చెను. మఱియొకడైనచో తాటాకుల మాట అంతటితో మఱచియుండును.

బ్రౌన్ మఱవలేదు. లండనులో కంపెనీవారి గ్రంథాలయమునకు పోయి చూడగా, దక్షిణదేశ భాషలలోని వ్రాతప్రతులు మూలబడి యుండెను. వానిని చదువగలవారు అక్కడ లేరు; చదువగోరు పండితులకు అవి అందవు. తెలుగు చదువు లేని దేశమున తెలుగు గ్రంథమున్నచో, అది ఉండియు లేనట్లే కదా! బ్రౌన్ అధికారులతో మాటాడి, రెండు వేలకు పైబడిన ఆ ప్రతులను మద్రాసునకు పంపుటకు ఒప్పించెను. ఓడలో దేశము దాటిపోయిన విద్య మరల ఓడలోనే తిరిగివచ్చెను.

కొన్ని యేండ్లకు ఆయనయు కొలువు దొరకి మద్రాసు చేరెను. పారసీ అనువాదకుడుగను, తరువాత తపాలాశాఖకు అధిపతిగను పనిచేయుచునే తెలుగు పనిని రెట్టించెను. 1839లో వేమన పద్యములను పెంచి, 1164 పద్యములతో రెండవ కూర్పు వెలువరించెను. 1840లో తెలుగు వ్యాకరణము వచ్చెను. 1842లో గౌరన ద్విపద హరిశ్చంద్ర కావ్యము, 1844లో వసుచరిత్రము, 1851లో మనుచరిత్రము ఆయన పూనికచే అచ్చుపడెను. వసుచరిత్రమునకు, మనుచరిత్రమునకు జూలూరి అప్పయ్య పండితుడు వ్యాఖ్యానము కూర్చెను. 1845లో బ్రౌన్ తాను కూడబెట్టిన వ్రాతప్రతులను, వేలకొలదిగ నున్నవానిని, మద్రాసు సాహిత్య సంఘమునకు దానమిచ్చెను. జీవితమంతయు, ధనమంతయు వ్యయపఱచి కూర్చినదానిని తనయొద్ద దాచుకొనలేదు. పుస్తకము చదువువారి చేతికి చేరినప్పుడే సార్థకమగునని ఆయన యెఱుగును.

ఆయన కీర్తికి శిఖరము 1852లో వెలువడిన నిఘంటువు. పూర్వ నిఘంటువులు పెక్కింటిలో కావ్యములలోని మాటలకే ప్రాధాన్యముండెను. బ్రౌన్ కావ్యపదములతోపాటు రైతు, వర్తకుడు, నౌకరు నిత్యము పలుకు మాటలను గూడ చేర్చెను. తాతాచారి అనువాడు చెప్పిన కథలను సేకరించి 1855లో అచ్చు వేయించెను. పండితులు పట్టించుకొనని వినోదకథలను, జనుల మాటలను గ్రంథములలో నిలుపుట ఆనాడు సామాన్యమైన విషయము కాదు.

ఇంతటివానియందును ఒక లోపము గలదు. తెలుగు వాఙ్మయము మృతప్రాయమై యుండగా తానే దానిని బ్రదికించితినని బ్రౌన్ తలచెను. అది పూర్తిగ న్యాయము కాదు. తాటాకులను తరతరములుగ కాపాడిన కుటుంబములు లేనిచో ఆయనకు దొరకునది యేమియు లేకపోయెను. పద్యములను పాడుచు వచ్చిన జనులు లేనిచో వేమన లేడు. అప్పయ్యవంటి పండితులు, పేరైనను తెలియని లేఖకులు లేనిచో ఆయన బంగళాలో గంటము కదలియుండదు. ఆరిపోవుచున్న దీపమునకు నూనె పోసినవాడు బ్రౌన్. ఆ దీపమును అంతకాలము చేతులడ్డుపెట్టి కాచినవారు మనవారే. ఈ యిరువురి ఋణమును మనము తలపవలసియున్నది.

1854లో ఉద్యోగము విరమించి, మఱుసటి యేట బ్రౌన్ ఇంగ్లండునకు తిరిగి పోయెను. అచ్చటను తెలుగును విడువలేదు. లండను విశ్వవిద్యాలయమున కొంతకాలము గౌరవాచార్యుడుగ తెలుగు నేర్పెను. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో కన్నుమూసెను. ఆయన సేకరించిన ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరి, తరువాతి పరిశోధకులకు పెన్నిధి యయ్యెను. కడపలో ఆయన నివసించిన బంగళా పాడువడగా, ఆ స్థలమున ఆయన పేరిట గ్రంథాలయమును, భాషాపరిశోధన కేంద్రమును నెలకొల్పిరి.

విద్యార్థులారా! పుస్తకములలో అన్నిటికంటె ముందు నశించునవి పిల్లల పుస్తకములే. అక్షరాభ్యాసమునాటి పుస్తకము, శతకము, బొమ్మల కథలపుస్తకము పసివారి చేతులలో నలిగి, చినిగి, చివరకు చిత్తుకాగితములలో కలిసిపోవును. పెద్దల కావ్యములను దాచువారు ఉందురు గాని, వీనిని దాచువారు అరుదు. మీ తాతగారి పెట్టెలోనో, ఇంటి అటకమీదనో అట్టి పాత పుస్తకము కనబడినచో తొందరపడి పాఱవేయకుడు. దుమ్ము దులిపి, మొదటిపుటలో అచ్చైన సంవత్సరమును చూచి, పొడిచోట నుంచి, పెద్దలకు చూపుడు. దానికి మఱియొక ప్రతి ఎక్కడను లేకపోవచ్చును. బ్రౌన్ దొర తన పనిని ఆరంభించినప్పుడు ఆయన చేతిలో నున్నది గూడ అట్టి తప్పులతడక ప్రతియే.