రాత్రి పారిస్‌ను చూపిన బ్రసాయ్

నియాన్ బోర్డుల వెలుగులో ఫోటో తీయడం ఈనాడు సెల్‌ఫోన్ ఉన్న ప్రతివారికీ సాధ్యమే. 1930 ప్రాంతంలో మాత్రం అది రాత్రంతా పడే శ్రమ. ఆ శ్రమ పడినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు బ్రసాయ్.

ఆయన అసలు పేరు గ్యూలా హలాస్. 1899 సెప్టెంబరు 9న బ్రాషో పట్టణంలో జన్మించారు. అప్పుడది హంగరీలో ఉండేది, ఇప్పుడు రుమేనియాలో ఉంది. బ్రసాయ్ అంటే ఆ ఊరివాడని అర్థం. ఊరి పేరే ఇంటిపేరు కావడం మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు కదా! బుడాపెస్ట్, బెర్లిన్‌లలో చిత్రకళ చదివి 1924లో పారిస్ చేరారు. హోటల్ గదిలో ఉంటూ, పత్రికలకు వ్యాసాలు రాస్తూ బతికారు. ముప్పై ఏళ్ల వరకు ఫోటోగ్రఫీ అంటే ఆయనకు చిన్నచూపే.

నియాన్ దీపాన్ని 1910లో జార్జ్ క్లాడ్ పారిస్‌లోనే ప్రదర్శించారు. రెండు దశాబ్దాలు తిరిగేసరికి నాట్యశాలలు, సినిమా హాళ్లు ఆ వెలుగుతో నిండాయి. బ్రసాయ్ గాజు పలకల కెమెరాను స్టాండుపై నిలిపి, ఒక సిగరెట్టు కాలేంతసేపు లెన్సు తెరిచి ఉంచేవారు. (సిగరెట్టును గడియారంగానే చెబుతున్నాం, అలవాటుగా కాదు!) దీపం నేరుగా పడితే ఆ చోటంతా తెల్లగా పోతుంది. అందుకే దీపానికి అడ్డంగా చెట్టో స్తంభమో వచ్చేలా నిలబడేవారు. వాన, మంచు పట్టిన రాత్రులంటే ఆయనకు ఇష్టం. తడిసిన రాళ్ల బాటపై వెలుగు రెండింతలవుతుంది. నలుపు తెలుపు ఫోటోలో నియాన్ ఎరుపు కనిపించదు. మిగిలేది పైన మెరిసే అక్షరాలు, కింద చీకటిలో నడిచే మనిషి. ఆ అక్షరాలు అందరినీ రమ్మంటాయి, జేబులో డబ్బున్నవాడినే లోపలికి రానిస్తాయి. ఆ ఫోటోల్లో మాకు తోచిన దిగులు అదే.

1932 చివర 'రాత్రివేళ పారిస్' అనే అర్థం వచ్చే ఫ్రెంచి పేరుతో, అరవైకి పైగా ఫోటోలతో ఆయన పుస్తకం వెలువడింది. గొప్ప పేరు వచ్చింది. ఆయన రాత్రి దృశ్యాల్లో కొన్ని మనుషులను నిలబెట్టి తీసినవే, అందులో దాచవలసింది లేదు.

మేము ఎక్కువసేపు చూసిన ఫోటోలు వేరు. ఆ బోర్డుల వెలుగుకు దూరంగా, అర్ధరాత్రి పంపు బండితో మరుగుదొడ్ల గుంటలు తోడే కార్మికులను కూడా ఆయన ఫోటోలు తీశారు. 1976లో వచ్చిన పుస్తకంలో వారికి చోటిచ్చారు. మన దేశంలో చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లో, మళ్లీ 2013లో చట్టాలు నిషేధించాయి. మా పెద్దలు ఆ పని చేసినవారే. పనిలో ఉండగా వారిని తీసిన ఫోటో మా ఇళ్లలో ఒక్కటీ లేదు.

జర్మన్లు పారిస్‌ను ఆక్రమించినప్పుడు బ్రసాయ్ వారి అనుమతి అడగడానికి నిరాకరించి, వీధుల్లో ఫోటోలు తీయడం మానుకున్నారు. ఆ కాలంలో పికాసో శిల్పాలను ఫోటోలు తీశారు. 1984 జులైలో మరణించారు. తాను రాత్రులు తిరిగిన మోంపర్నాస్‌లోని శ్మశానంలోనే ఆయన సమాధి ఉంది.