పగులు లోయను పరిశోధించిన గ్రెగరీ

భూమికి అచల యనియు, స్థిర యనియు పేర్లు కలవు. కాని భూమియు కదలును. కొన్ని తావుల ఖండమే చీలి, నడిమి నేల క్రుంగి లోయ యగును. అట్టి దానిని పగులు లోయ యందురు. తూర్పు ఆఫ్రికాలోని పగులు లోయను కాలినడకను పరిశోధించి, దాని పుట్టుకను లోకమునకు తెలియజేసిన శాస్త్రజ్ఞుడు జాన్ వాల్టర్ గ్రెగరీ.

గ్రెగరీ 1864వ సంవత్సరమున లండను నగరమున జన్మించెను. అతని తండ్రి ఉన్ని వర్తకుడు. పదునైదవ యేటనే బడి విడిచి, గ్రెగరీ ఉన్ని వ్యాపారమున గుమాస్తాగా చేరెను. అయినను అతనికి విద్యపై ఆసక్తి తగ్గలేదు. పగలు ఉద్యోగము చేయుచు, సాయంకాలము బర్క్‌బెక్ విద్యాసంస్థలో చదువుకొనుచుండెను. భూగర్భ శాస్త్రము అతని మనస్సు నాకర్షించెను. 1887లో బ్రిటిష్ మ్యూజియమున ఉద్యోగము లభించెను. 1891లో అతడు లండను విశ్వవిద్యాలయ పట్టమును పొందెను.

ఆ సంవత్సరముననే ఆస్ట్రియా దేశపు పండితుడు ఎడ్వర్డ్ స్యూస్, తూర్పు ఆఫ్రికాలోని దీర్ఘమైన లోయ నేల క్రుంగుటవలన ఏర్పడినదని ప్రకటించెను. కాని అతడు ఆ ప్రదేశమును చూచినవాడు కాడు; యాత్రికుల వ్రాతలనుబట్టి ఊహించినవాడు. ఆ ఊహ నిజమో కాదో అచ్చటి రాళ్ళే చెప్పవలెను.

1892లో గ్రెగరీ ఆఫ్రికాకు పోవు ఒక పెద్ద యాత్రికబృందమున చేరెను. ఆ బృందము గమ్యము చేరకమునుపే చెదరిపోయెను. అతడు మాత్రము నిరాశపడి మరలిపోలేదు. 1893లో మొంబాసా రేవునుండి, బరువులు మోయు సుమారు 40 మంది కూలీలతో తానే బయలుదేరెను. వారి తోడ్పాటు లేనిచో ఆ యాత్ర సాగియుండెడిది కాదు. వారు ఎండను, అడవులను దాటి బారింగో సరస్సు చేరిరి.

అచ్చట గ్రెగరీ సుత్తి చేతబూని కొండచరియలను పరీక్షించెను. గోడలవంటి రెండు చరియల నడుమ చదునైన నేల కలదు. చరియలు మెట్లు మెట్లుగా దిగియున్నవి. పై చరియలోని రాతి పొరలే దిగువ మెట్లయందును కనబడెను. నదియే నేలను కోసియుండినచో ఆ పొరలు కొట్టుకొనిపోయి యుండెడివి. కమాను ప్రక్కలు ఎడముగా జరిగినచో నడిమి రాయి క్రిందికి జారును గదా! అట్లే ఈ నేలయు క్రుంగినదని అతడు నిశ్చయించెను. 1896లో ప్రకటించిన గ్రంథమున ఆ లోయకు మహా పగులు లోయ యని పేరిడెను. దాని తూర్పు శాఖకు నేడు గ్రెగరీ పేరే కలదు.

ఆ చీలిక నేటికిని ఆగలేదు. ఆఫ్రికా భూభాగము అచ్చట ఏటికి కొన్ని మిల్లీమీటర్లు ఎడమగుచున్నది. పగుళ్ళవెంట రాళ్ళు ఒకదానినొకటి పట్టియుండి, పట్టు తప్పినప్పుడు భూకంపము కలుగును. 1928 జనవరి 6వ తేదీన కెన్యాలోని సుబూకియా లోయయందు 6.9 పరిమాణము గల భూకంపము సంభవించి, చరియ పాదమున నేల బారుగా చీలెను. ఏ పగులు ఎప్పుడు కదలినదో లెక్కించి, ఎచ్చట ఇండ్లను దృఢముగ కట్టవలెనో శాస్త్రజ్ఞులు తెలుపుచున్నారు. మన గోదావరీ లోయయు అతి ప్రాచీనమైన పగులు లోయయే. 1969 ఏప్రిల్ 13వ తేదీన భద్రాచల ప్రాంతము కంపించెను.

గ్రెగరీ 1900లో మెల్‌బోర్న్‌నందును, 1904 మొదలు 1929 వరకు గ్లాస్గోయందును ఆచార్యుడుగ నుండెను. 1919లో ఆఫ్రికా లోయను మరల దర్శించెను. ఉద్యోగము విరమించిన పిదప విశ్రాంతి కోరలేదు. 1932లో, తన 68వ యేట, ఆండీసు పర్వతములలోని అగ్నిపర్వతములను, భూకంప కేంద్రములను పరిశీలించుటకై దక్షిణ అమెరికాకు పోయెను. జూన్ 2వ తేదీన పెరూ దేశమున ఉరుబాంబా నదిలో అతని పడవ తలక్రిందులయ్యెను. ఆ ప్రవాహముననే అతడు అసువులు బాసెను.

గుమాస్తాగా జీవితము నారంభించిన బాలుడు భూమి చరిత్రనే చదువగలిగెను. ఇతరుల మాట విని ఊరకుండక, స్వయముగ చూచి సత్యమును నిర్ణయించుటయే గ్రెగరీ జీవితము మనకు నేర్పు పాఠము.